అయిదువేల నలభై

మే 11

డెబ్భై ఒకటి నిండాయి. థియా గుమ్మడికాయ కలిపి స్కోన్ల రొట్టెలు కాల్చింది. నాకు ఇష్టమని కాదు, పెరట్లో గుమ్మడికాయలు ఎక్కువైపోయాయని. టీ పోస్తూ, "నీ వయసుని నీ వయసుతోనే గుణించు" అంది.

"పుట్టినరోజు నాడు కూడా లెక్కలేనా?"

"గుణించవోయ్, అరిగిపోవులే."

పెన్సిలు తెచ్చుకుని పేపరు అంచు మీద వేశాను. అయిదువేల నలభై ఒకటి.

"అందులోంచి ఒకటి తీసెయ్. నా సంఖ్య వస్తుంది. ఈ ఏడాదంతా నువ్వు నా సంఖ్యకి ఒక్క అడుగు ఎడంగా ఉంటావన్నమాట. అక్కడే ఉండు, ఎక్కడికీ పోకు."

ముప్పై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పిన భార్య ముద్దుగా మాట్లాడితే ఇలాగే ఉంటుంది. గొర్రెల ఉన్నిలో మేలైనదేదో నాసిదేదో చూసి వేరుచేస్తూ బతికినవాణ్ణి, నాకు ఇంతకన్నా మంచి కానుక ఎవరిస్తారు. స్కోన్లు ఒకటి ఎక్కువే తిన్నాను.

మే 16

గోర్డన్ వచ్చాడు. చర్చి గంటలు మోగించే మా జట్టుకి పెద్ద కాబట్టి చెడ్డ కబుర్లు మోసుకొచ్చే పని వాడిదే. చర్చి గోపురంలో గంటల్ని మోసే ఇనుప చట్రం తుప్పు పట్టిందట. సెప్టెంబరులో ఎనిమిది గంటలూ దించేస్తారు. మళ్ళీ పైకెక్కడానికి ఏడాదో రెండేళ్ళో వాడికీ తెలియదు.

థియా వెంటనే, "అయితే ఆగస్టులో నాది మోగించేద్దాం" అంది.

ఎన్నో ఏళ్ళు వంటింటి బల్ల దగ్గర కూర్చుని అల్లుకున్న పీల్ అది, గంటలు ఏ వరుస తర్వాత ఏ వరుసలో మోగాలో చెప్పే పెద్ద కూర్పు. ఎక్కడా తప్పు లేదని కంప్యూటరు కూడా ఒప్పుకుంది. మోగించడమే మిగిలింది. రోజు గోర్డన్ ఖాయం చేశాడు: ఆగస్టు రెండో శనివారం. పక్క ఊళ్ళ నుంచి మంచి చేతులు తెస్తానన్నాడు.

గంటలు దారి మారాల్సిన చోటల్లా పిలుపులన్నీ తనే పిలుస్తుంది. పిలవగలదు. ఎందుకు పిలవలేకపోతుంది? ఫిబ్రవరి సంగతి వేరు, మాకది నడి వేసవి, ఆ రోజు ఎండ విపరీతంగా ఉంది.

మే 19

మంగళవారం సాధన. మందుల షాపు ప్రూ కొత్తగా నేర్చుకుంటోంది. తాడుతో కుస్తీ పట్టి పట్టి అలిసిపోయి, థియా పక్కన కూలబడింది.

"అందరూ అయిదువేల నలభై, అయిదువేల నలభై అంటున్నారు. ఏంటండీ అది?"

థియాకి ఇంకేం కావాలి. "పెద్ద గంట ఎప్పుడూ చివరే మోగుతుంది, మా ఆయన ఎర్రల్ చేతిలో. దాన్ని వదిలెయ్. మిగిలిన ఏడు గంటల్నీ ఎన్ని వరుసల్లో మోగించొచ్చు? ఒకటి నుంచి ఏడు దాకా గుణించుకుంటూ పో."

ప్రూ ఫోను తీసి గుణించింది. కళ్ళు పెద్దవి చేసింది.

"అన్ని వరుసలూ మోగించాలి. ఏదీ రెండోసారి రాకూడదు. వచ్చిందా, మొత్తం చెల్లదు."

"ఎవరికి తెలుస్తుందండీ?"

"మనకి తెలుస్తుంది. ఒక వరుస రెండుసార్లు వచ్చిందంటే ఇంకోటి అసలు రాలేదన్నమాట. పాపం, దాని వంతు ఎవరిస్తారు?"

కాగితం చూసి పిలవకూడదనీ, మూడు గంటలపాటు అంతా తలలోనే ఉండాలనీ, "బాబ్" అంటే గంటలు ఒక రకంగా దారి మారతాయనీ, "సింగిల్" అంటే ఇంకో రకంగా మారతాయనీ చెప్పింది. తర్వాత పబ్బులో బంగాళాదుంప వేపుళ్ళు పంచుకుంటుంటే మళ్ళీ మొదలుపెట్టింది. "నా సంఖ్య ఎంత మర్యాదస్తురాలో తెలుసా? ఒకటి నుంచి పది దాకా ఎవరొచ్చి అడిగినా సమానంగా పంచిపెడుతుంది, ముక్క మిగలదు. పన్నెండొచ్చినా సరే. మొత్తం అరవైమందికి అలా పంచగలదు. దానికన్నా చిన్న సంఖ్య ఏదీ అంతమందికి పంచలేదు."

"మధ్యలో పదకొండు?" అంది ప్రూ.

"దానికి మాత్రం పంచలేదు. ప్రతి ఇంట్లోనూ ఒక మొండిఘటం ఉంటుంది కదా" అని నా వైపు చూసింది. గోర్డన్ బల్ల గుద్దుతూ నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది.

మే 24

టీ తాగుతూ నా వయసుని నా వయసుతో గుణించమంది. పెన్సిలు తెచ్చుకున్నాను.

జూన్ 2

సాధనలో నేను ఎవరినో ఏదో అన్నానని గోర్డన్ పాత భాగోతం విప్పాడు. వాడు పిలిచిన పీల్‌కి గోపురం గోడ మీద బంగారు అక్షరాల పలక పెట్టారు. తర్వాత దాంట్లో కొన్ని వరుసలు రెండుసార్లు వచ్చాయని తేలితే, స్క్రూడ్రైవరు పట్టుకెళ్ళి ఊడదీసింది నేనే.

"ఇప్పుడా పలక మా కోళ్ళగూటికి తలుపు" అన్నాడు ప్రూతో. "వీడు మనిషి కాదమ్మా, పోలీసు. పీల్ చెల్లదని తెలిస్తే కన్నతల్లినైనా మధ్యలోనే ఆపేస్తాడు."

"చెల్లనిది చెల్లదు" అన్నాను. అంతే కదా మరి. ఉన్నిలో అయినా గంటల్లో అయినా కలిపేస్తే ఇక దానికి విలువేముంది.

జూన్ 10

షాపుకి వెళ్తే ప్రూ నన్ను పక్కకి పిలిచింది.

"ఎర్రల్ గారూ, ఏమీ అనుకోకండి. థియా గారు రక్తపోటు మాత్రలకి సోమవారం వచ్చారు. నిన్న మళ్ళీ వచ్చారు. సోమవారం వచ్చిన సంగతే గుర్తులేదు. నేను ఇవ్వలేదనుకోండి. కానీ ఒకసారి డాక్టరుకి చూపిస్తే మంచిదేమో."

"మర్చిపోయుంటుంది. మీరు మర్చిపోరా?"

"మర్చిపోతాను. కానీ గుర్తుచేస్తే గుర్తొస్తుందండీ."

మందుల షాపు వాళ్ళు మందులు అమ్ముకుంటే సరిపోతుంది. దగ్గు మందు కొనకుండానే వచ్చేశాను. దగ్గుతూ రాస్తున్నాను.

జూన్ 11

థియా కళ్ళద్దాలు మార్పించాలి. అదే అయ్యుంటుంది.

జూన్ 19

మళ్ళీ నా వయసు లెక్క. ఈసారి పెన్సిలు లేకుండా టకీమని చెప్పేశాను. "అబ్బో, మా ఆయనకి బుర్ర వచ్చింది" అని బుగ్గ గిల్లింది. మొదటిసారి చెప్పినప్పుడు ఎంత మురిసిపోయిందో ఇప్పుడూ అంతే మురిసిపోయింది. ఆ మురిపెం చూస్తే చాలు, ఎన్నిసార్లయినా వింటాను.

ఏదీ రెండోసారి రాకూడదన్న నియమం గోపురానిది. ఇల్లు వేరు.

జూలై 1

థియా పిలుపులన్నీ నేనూ కంఠతా పడుతున్నాను. పెద్ద గంట వాడికి ఈ గోల అక్కర్లేదు, ఊరికే ఉండొచ్చుగా అంటారు ఎవరైనా. అందుకే షెడ్డులో గడ్డి కోసే యంత్రం బాగుచేస్తున్నానని చెప్పి అక్కడ గొణుక్కుంటున్నాను. బాబ్, బాబ్, ఏమీ లేదు, సింగిల్. నా తల రాయి. అయినా ఎక్కుతోంది.

ఎందుకు నేర్చుకుంటున్నానంటే, కాలక్షేపానికి.

జూలై 7

ప్రూ ఒక చీటీ ఇచ్చింది. మతిమరుపు చూసే డాక్టరు ఫోన్ నంబరట. అటు తిరిగి అల్మారా సర్దుకుంది. చీటీ వానకోటు జేబులో పెట్టాను. ఇప్పట్లో వానలు పడేలా లేవు.

జూలై 14

సగం మోగించి చూశాం. గంటన్నర పైనే. ఒక్క పిలుపు తప్పలేదు. ఒక్కటి కూడా. నేను పెద్ద గంట మోగిస్తూ లోపల్లోపల తనతోపాటే పిలుస్తూ వచ్చాను. నా నోట్లోంచి రాకముందే తన నోట్లోంచి వచ్చేసింది ప్రతిదీ.

మందుల షాపు వాళ్ళకి ఇది చూపించాలి. ఇంటికొచ్చాక ఇద్దరం గొర్రెమాంసం వేపుకుని తిన్నాం, పాట పెట్టుకుని వంటింట్లో డాన్సు కూడా చేశాం. నాకు మోకాలు పట్టేసింది. ఎంత బాగుందో.

జూలై 15

పొద్దున నీళ్ళు పోయకుండా కెటిల్ పొయ్యి మీద పెట్టింది. మాడిపోయింది. ఎవరైనా చేస్తారు. కొత్తది కొన్నాను, అచ్చం అలాంటిదే.

జూలై 28

రాయడానికి ఏమీ లేదు.

ఆగస్టు 3

ఇవాళ మంగళవారమనుకుని గోపురానికి వెళ్ళి తాళం వేసిన తలుపు ముందు నిలబడిందట. ప్రూ కారులో దింపి వెళ్ళింది. "తలుపు తియ్యలేదు, గోర్డన్‌కి ఒళ్ళు బద్ధకం" అంది థియా. నేను కూడా గోర్డన్‌ని తిట్టాను.

శనివారం ఒక్కటి అయిపోనీ.

ఆగస్టు 9

నిన్నటిది ఇప్పుడు రాస్తున్నాను. నిన్న పెన్ను పట్టుకోలేకపోయాను.

ఆగస్టు కదా, చలి కొరికేస్తోంది. ప్రూ బయట సమాధుల పక్క బెంచీ మీద దుప్పటి కప్పుకుని, ఫ్లాస్కు పెట్టుకుని కూర్చుంది. మేం ఎనిమిదిమందీ తాళ్ళు పట్టుకున్నాం. థియా నావైపు చూసి కనుబొమ్మలు ఎగరేసింది. పెళ్ళి రోజున కూడా అలాగే ఎగరేసింది.

మొదటి గంట గడిచింది. నేను వరుస చివర పెద్ద గంట మోగిస్తూ, తన ప్రతి పిలుపుకీ లోపల తలూపుతున్నాను. రెండో గంటా గడిచింది. కొత్తగా వచ్చిన నలుగురూ మంచి చేతులు, ఎక్కడా తొట్రుపాటు లేదు. థియా బుగ్గలు ఎర్రబడ్డాయి. ఏ లోకంలో ఉందో, నవ్వుతూనే ఉంది.

ఇంకాసేపటికి "సింగిల్" అనాల్సిన చోట "బాబ్" అంది.

ఒక్క మాట. గంటలు చెప్పినట్టే దారి మారాయి. మారి, ఇందాక నడిచిన దారిలోకే మళ్ళీ అడుగుపెట్టాయి. ఎవరికీ తెలియదు. పిలుపు వింటే తిరగడమే వాళ్ళ పని, మొత్తం ఎవరి తలలోనూ లేదు. నాకు తెలుసు. గొంతెత్తి "స్టాండ్" అంటే అందరూ ఆగిపోతారు, పీల్ పోతుంది. నోరు తెరిచాను. అప్పుడే థియా నావైపు చూసింది. అంత సంతోషంగా ఉన్న మొహాన్ని చూసి ఎన్నాళ్ళయిందో. నోరు మూసుకున్నాను.

అంతే కాదు. ముందు ముందు ఇంకోచోట నేనొక పిలుపు అందిస్తే, చివరికి మొదలుపెట్టిన ఒకటి రెండు మూడు వరుసలోకే చేరుకుంటామని లెక్క కూడా వేసేశాను. బయటివాళ్ళకి తెలియదు. జట్టుకి తెలియదు. తనకీ తెలియదు. గోడ మీద తన పేరుతో పలక ఉంటుంది. నాకు సిగ్గనిపించలేదు. హాయిగా అనిపించింది. అదీ రాసుకోవాలి కదా.

కాసేపటికి థియా నవ్వు ఆగింది. తల ఒక పక్కకి వంచింది. తన గంట చుట్టూ ఏ గంట ఎప్పుడు పడుతోందో వింటోంది.

"స్టాండ్" అంది. గట్టిగా కూడా కాదు.

తాళ్ళు ఆగాయి. నిశ్శబ్దం చెవుల్లో గింగురుమంది.

"ఏమైంది? బాగానే పోతోంది కదా" అన్నాడు గోర్డన్.

"బాగానే పోతోంది, కానీ పోయిన దారినే పోతోంది. ఇది ఇందాక మోగించేశాం. సింగిల్ అనాల్సిన చోట బాబ్ అన్నట్టున్నాను."

"తల్లీ, రెండుంబావు గంటలైంది. నా భుజాలు చూడు."

"నీ భుజాలకి బీరు పోయిస్తాను పద."

వాడు టోపీ తీసి, దగ్గరికొచ్చి ఆమెకి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. మిగిలినవాళ్ళూ ఒక్కొక్కరే ఇచ్చారు. నేను పెద్ద గంట తాడు చుడుతూ ఉండిపోయాను. ఎంతకీ చుట్టడం అవలేదు.

పబ్బు నుంచి నడిచి వస్తుంటే మొదలుపెట్టింది.

"నీకు తెలుసు."

"ఏం తెలుసు?"

"పిలుపులన్నీ నీకు వచ్చు. షెడ్డులో గడ్డి కోసే యంత్రానికి వినిపిస్తుంటే వంటింట్లోకి వినపడదనుకున్నావా?"

"తెలుసు" అన్నాను.

"మరి ఎందుకు ఆపలేదు?"

"నువ్వు నవ్వుతున్నావు."

కొంచెం దూరం నడిచాక, "ఎప్పట్నుంచి తెలుసు?" అంది.

"నువ్వు బాబ్ అన్నప్పుడే."

"నేనడిగేది పీల్ గురించి కాదు."

బడి గోడకి ఆనుకున్నాను. "ఫిబ్రవరి నుంచి" అన్నాను.

"నాకు క్రిస్మస్ నుంచి" అంది.

ఇద్దరం అక్కడే ఏడ్చాం. తను కాసేపే ఏడ్చింది. నేనే ఆపుకోలేకపోయాను. చేతి రుమాలు నాది తడిసిపోతే తనది ఇచ్చింది.

"ఇవాళ నేనే పట్టుకున్నాను, చూశావుగా" అంది. ఆ మాట అనేటప్పుడు గొంతులో గర్వం ఉంది. "రేపెప్పుడో పట్టుకోలేను. అప్పుడు నువ్వు ఆపాలి ఎర్రల్. నేను నవ్వుతున్నా సరే ఆపాలి. నువ్వు కూడా అబద్ధం ఆడితే నేనింక ఎవరిని పట్టుకుని ఉండాలి?"

సరేనన్నాను.

ఆగస్టు 10

వానకోటు జేబులోంచి చీటీ తీశాను. ఫోన్ చేశాను. గురువారం కాక ఆ పై గురువారం రమ్మన్నారు. ప్రూ షాపుకి వెళ్ళి దగ్గు మందు కొన్నాను. దగ్గు ఎప్పుడో తగ్గింది. డబ్బులు ఆమె చేతికిచ్చి, "నేను మూర్ఖుణ్ణి" అన్నాను. "తెలుసులెండి" అంది.

ఆగస్టు 20

డాక్టరు చిన్నపిల్లలా ఉంది, కానీ మంచిది. ఎప్పట్నుంచి, ఎలా మొదలైందని అడిగింది.

"ఈమధ్య కాస్త అలసటగా..." అని మొదలుపెట్టాను. థియా నా వైపు తిరిగి చూసింది.

అప్పుడు చెప్పాను. ఫిబ్రవరిలో రొట్టె కొనడానికని వెళ్ళి చీకటిపడ్డా రాకపోతే వెతుక్కుంటూ వెళ్ళాననీ, తను పుట్టి పెరిగిన ఇంటి గేటు ముందు కారులో కూర్చుని ఉందనీ, ఆ ఇల్లు అమ్మేసి ఎన్నో ఏళ్ళయిందనీ, తలుపు తియ్యమని వాళ్ళ నాన్నని పిలుస్తోందనీ. మాత్రల సంగతి, కెటిల్ సంగతి, తాళం వేసిన గోపురం సంగతి. నా వయసు లెక్క ఎన్నిసార్లు చేయించిందో అదీ. థియాకి వీటిలో కొన్ని కొత్త. చెయ్యి నా చేతిలోనే ఉంచింది. చెబుతుంటే నాకే తెలిసింది, నేనెంత దాచానో.

తలకి స్కానింగు, రక్తపరీక్షలు. వచ్చే నెల రమ్మన్నారు.

సెప్టెంబరు 4

గంటలు దించడం చూడటానికి ఊరంతా చర్చి దగ్గరికి వెళ్ళింది. మేం ఆస్పత్రికి వెళ్ళాం.

జ్ఞాపకాన్ని కొంచెం కొంచెంగా తీసుకుపోయే జబ్బు. తగ్గేది కాదట. మాత్రలతో దాని నడక నెమ్మదించొచ్చు. ఇప్పుడే మొదలుపెడుతున్నాం కాబట్టి మంచి రోజులు ఇంకా చాలానే ఉంటాయంది డాక్టరు. థియా అన్నీ శ్రద్ధగా విని, మంచి ప్రశ్నలు అడిగింది. బయటికొచ్చాక, "ఆ పిల్లకి లెక్కలు నేనే చెప్పుంటాను, అంత పద్ధతిగా చెప్పింది" అంది.

కారులో నిద్రపోయింది. ఇంటికొచ్చి నేను కూర కలుపుతుంటే వెనక నుంచి, "డాక్టరు ఏమంది?" అని అడిగింది.

చెప్పాను. మొహం పాలిపోయింది. కుర్చీలో కూర్చుంది. కాసేపటికి తేరుకుని, క్యారెట్లు తరగడం మొదలుపెట్టింది. తరిగి తరిగి, మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను. అదే మొహం, అదే దెబ్బ. ఈసారి కొంచెం తగ్గించి చెప్పొచ్చు కదా అనిపించింది. పరీక్షలు ఇంకా ఉన్నాయంది అనొచ్చు. ఏమీ లేదంది అన్నా నమ్ముతుంది. నమ్మి నవ్వుతుంది కూడా.

తినేటప్పుడు మళ్ళీ అడిగింది.

చెంచా కింద పెట్టి, కుర్చీ తన పక్కకి లాక్కుని, మొదటి నుంచీ చెప్పాను.